ఫోన్లోంచి పోతున్న ధాన్యం బస్తాలు

2025 సెప్టెంబరు 22న బిస్కెట్ ప్యాకెట్ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. నూడుల్స్, మిక్చర్ లాంటి వాటి మీద 12 నుంచి 5కి. చాక్లెట్లు, ఐస్‌క్రీములు, షాంపూ, టూత్‌పేస్టు కూడా అదే 5 శాతంలోకి వచ్చాయి. ఆ మర్నాడే పెద్ద ఆన్‌లైన్ షాపుల దసరా సేల్స్ మొదలయ్యాయి. టీవీ పెడితే ఆదా, ఫోన్ తీస్తే ఆదా. పన్ను తగ్గితే మంచిదే, కాదనడం లేదు. కానీ నెలాఖరుకి ఆ ఆదా ఎంతమంది దగ్గర డబ్బుగా మిగిలింది? నా ఫ్రెండ్స్‌ని అడిగితే ఒక్కరూ అంకె చెప్పలేకపోయారు. ఏం కొన్నారో మాత్రం గడగడా చెప్పారు.

ధర తగ్గినా మన ఖర్చు ఎందుకు తగ్గట్లేదు అనేది ఈ వ్యాసంలో ప్రశ్న. నేను చదివింది ఇంజినీరింగ్, రాసేది యాప్‌ల గురించి. అందుకే యాప్ వైపు నుంచి కొంచెం ఎక్కువ మాట్లాడతాను. కొలతబద్ద మాత్రం మా ఊరిది.

ఒక బస్తా అంటే 1,792 రూపాయలు

మాది పామర్రు. విజయవాడ-బందరు రోడ్డు మీద గుడివాడ వైపు ఒక దారి, చల్లపల్లి, అవనిగడ్డల వైపు ఇంకో దారి చీలే చోటు. చుట్టూ వరి. మా వైపు పెద్దవాళ్లు పెద్ద ఖర్చు ఏదొచ్చినా బస్తాల్లోకి మార్చి చూస్తారు. కౌలు బేరం బస్తాల్లోనే. కొత్త ఫోన్ కొన్నానని చెబితే కెమెరా ఎంత అని అడగరు, "ఎన్ని బస్తాలురా అది?" అంటారు.

కుర్రాళ్లం నవ్వుకుంటాం గానీ, నేను వాడి చూసిన బడ్జెట్ యాప్‌లన్నిటికంటే ఇదే మెరుగైన కొలత. 2025-26కి గ్రేడ్-ఏ ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. 75 కిలోల బస్తాకి లెక్కేస్తే 1,792. సాధారణ రకానికైతే 1,777. ఆ బస్తా వెనక నారుమడి నుంచి కోత మిషన్ దాకా నెలల పని ఉంది. పెట్టుబడి తీసేస్తే రైతుకి మిగిలేది అందులో కొంతే, కౌలు రైతుకి ఇంకా తక్కువ.

కేంద్ర గణాంక శాఖ చేసిన 2023-24 గృహ వినియోగ ఖర్చుల సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మనిషికి సగటు నెల ఖర్చు 5,327 రూపాయలు, పట్టణాల్లో 7,182. ఆ ఏడాది మద్దతు ధర లెక్కన బస్తా 1,652. అంటే పల్లెలో ఒక మనిషి నెల గడవడానికి మూడు బస్తాల పైనే కావాలి. నలుగురున్న ఇంటికి దాదాపు 13 బస్తాలు.

ఇదే సర్వేలో ఇంకో మార్పు కనిపిస్తుంది. దేశం మొత్తం మీద పల్లెల్లో 1999-2000లో నెల ఖర్చులో 22 శాతం బియ్యం, గోధుమల లాంటి ధాన్యాలకే పోయేది. ఇప్పుడది 5 శాతం దగ్గరుంది. పానీయాలు, బయటి తిండి, ప్యాకెట్ తిండి కలిపిన పద్దు అప్పుడు 4 శాతం, ఇప్పుడు దాదాపు 10. పట్టణాల్లో 11. తిండి పద్దులన్నిటిలో పెద్దది ఇదే. ఇందులో మంచి కూడా ఉంది. ఆదాయం పెరిగితే అన్నం ఖర్చు వాటా తగ్గుతుంది, రేషన్ బియ్యం ఉచితమయ్యాయి, పాలు, గుడ్లు, పళ్లు కొనగలుగుతున్నాం. కానీ ధాన్యం పండించే పల్లె కూడా ధాన్యం కంటే ప్యాకెట్‌కి రెట్టింపు పెడుతోందంటే కాస్త ఆగి చూడాల్సిన విషయమే.

250 రూపాయల బిర్యానీ

పామర్రు, ఉయ్యూరు, గుడివాడ పిల్లలు చాలామంది విజయవాడలో హాస్టళ్లలో, రూముల్లో ఉండి చదువుతారు. కొందరు అక్కడే చిన్న ఉద్యోగాల్లో చేరతారు. వాళ్ల ఫోన్లో రాత్రి పది గంటలకి వచ్చే బిల్లు ఒకటి ఉదాహరణకి తీసుకుందాం.

బిర్యానీ 250. ప్యాకింగ్ 20. రెండింటి మీద 5 శాతం జీఎస్టీ, 13 రూపాయల 50 పైసలు. డెలివరీ చార్జీ 35 అనుకుంటే, దాని మీద ఇప్పుడు 18 శాతం పన్ను. బిస్కెట్ల మీద పన్ను తగ్గిన ఆ సెప్టెంబరు 22 నుంచే ఇది మొదలైంది, దీని గురించి మాత్రం ఎవరూ ప్రకటన ఇవ్వలేదు. ఆపైన ప్లాట్‌ఫాం ఫీజు. 2023లో ఇది 2 రూపాయలతో మొదలైంది. 2025 సెప్టెంబరుకి జొమాటోలో 12 అయింది, దాని మీద కూడా పన్ను. అన్నీ కూడితే 339 రూపాయలు. మీరు మనసులో ఒప్పుకున్నది 250కి. మిగతా 89కి ఎక్కడ ఒప్పుకున్నారో గుర్తుందా?

వారానికి రెండుసార్లు ఆర్డర్ పెడితే నెలకి 2,712 రూపాయలు. ఒకటిన్నర బస్తా.

తినొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. బిర్యానీ మీద నాకూ ఏ కోపం లేదు. 339 అని ముందే తెలిసి, అయినా కావాలనుకుని కొంటే అది మీ ఇష్టం. ఒక్కో స్క్రీన్‌కి కొంచెం కొంచెం పెంచుతూ చివర్లో చూపించడం మాత్రం డిజైన్. దీనికో పేరుంది, డ్రిప్ ప్రైసింగ్. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను నోటిఫై చేసి నిషేధించింది, వాటిలో ఇదొకటి. మీరు అడగని విరాళమో, ఇన్సూరెన్సో బుట్టలో వేసేయడం ఇంకొకటి. "ఇంకా 2 మాత్రమే ఉన్నాయి, 7 నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది" అని లేని తొందర పుట్టించడం మరొకటి. వద్దు అనే బటన్ మీద "నాకు ఆదా అక్కర్లేదు" అని రాసి సిగ్గుపడేలా చేయడం కూడా ఆ జాబితాలో ఉంది. చేరడానికి ఒక్క నొక్కు, మానుకోవడానికి ఆరు స్క్రీన్లు ఉంటే అదీ నిషేధమే.

యాప్ తయారుచేసే టీముల్లో దీన్ని ఘర్షణ తగ్గించడం అంటారు. కొనాలి అనుకోవడానికీ కొనేయడానికీ మధ్య ఎన్ని అడుగులుంటే అంతమంది మధ్యలో ఆగిపోతారు. ఆ అడుగుల్ని తీసేయడమే వాళ్ల పని, ఆ పని బాగా చేస్తారు కూడా. ఒకప్పుడు జేబులో నోటు తీసి లెక్కపెట్టాలి, లేదంటే కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకంలో రాస్తుంటే చూస్తూ నిలబడాలి. ఆ ఒక్క నిమిషంలో "ఇది కావాలా" అనే ప్రశ్న దానంతటదే వచ్చేది. 2025 ఆగస్టులో దేశంలో యూపీఐ లావాదేవీలు మొదటిసారి నెలకి 2,000 కోట్లు దాటాయి. గొప్ప టెక్నాలజీయే, టిఫిన్ బండి దగ్గర చిల్లర గొడవ లేదు. కాకపోతే చిల్లరతో పాటు ఆ నిమిషం కూడా పోయింది.

కిస్తీ కొత్తదేం కాదు, మన జిల్లాకి అసలే కాదు

24,000 రూపాయల ఫోన్ అంటే 13 బస్తాల పైమాట. అదే ఫోన్ నెలకి 2,000 అంటే బస్తా కంటే కాస్త ఎక్కువ. ఈఎంఐ చేసే మాయ ఇంతే, అంకెని చిన్నది చేసి చూపిస్తుంది. ఇక "నో కాస్ట్" అంటారా, 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంక్ సున్నా వడ్డీ అనేదే లేదని బ్యాంకులకి చెప్పింది. వడ్డీని డిస్కౌంట్ రూపంలో సర్దుతారు. పైన చెప్పిన ఫోన్‌కి 16 శాతం వడ్డీ, 199 ప్రాసెసింగ్ ఫీజు అనుకుంటే, వడ్డీ మీదా ఫీజు మీదా జీఎస్టీ కలిపి మీకు అదనంగా పడేది 590 రూపాయల దాకా. పెద్ద మొత్తం కాదు. అసలు సమస్య ఆ 590 కాదు, ఏడాది పాటు ప్రతి నెలా ఒకటో తారీఖున జీతంలో 2,000 ముందే ఖర్చయిపోయి ఉండటం. ఫోన్‌కి తోడు బండి, దానికి తోడు క్రెడిట్ కార్డు, మధ్యలో ఒక లోన్ యాప్ చేరితే ఏమవుతుందో కృష్ణా జిల్లాకి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

2006 మార్చిలో ఇక్కడ జిల్లా అధికారులు సుమారు 50 మైక్రోఫైనాన్స్ శాఖల్ని మూయించారు. ఎక్కువ వడ్డీలు, వసూళ్లలో వేధింపులు, అప్పు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యలు అప్పటి ఆరోపణలు. నాలుగేళ్లకి గొడవ రాష్ట్రమంతా పాకింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కిస్తీలు వారం వారం కాదు నెలకోసారి కట్టించుకోవాలి, అదీ ఇంటి గుమ్మంలో కాదు, పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోటే అని చట్టంలో పెట్టారు. అప్పటికి నేను స్కూల్లో ఉన్నాను. తర్వాత చదివినప్పుడు నాకు ఆసక్తిగా అనిపించింది ఆ పంచాయతీ ఆఫీసు నిబంధనే. అప్పు నలుగురి కళ్లముందు ఉంటే వేధించడం కష్టం అనే లెక్క.

ఇప్పటి అప్పు దానికి పూర్తిగా ఉల్టా. అప్పట్లో గ్రూపులో ఐదారుగురు ఉండేవాళ్లు, ఎవరు ఎంత తీసుకున్నారో అందరికీ తెలుసు. ఇప్పుడు మీ పక్క మంచం మీద పడుకున్న రూమ్మేట్‌కి కూడా తెలియదు. 2020 డిసెంబరులో తెలంగాణలో వరస ఆత్మహత్యల తర్వాత పోలీసులు లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేస్తే గానీ ఫోన్ కాంటాక్టుల్ని పట్టుకుని పరువు తీసే పద్ధతి చాలామందికి తెలియలేదు. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు బిగించింది. ఇప్పుడు డిజిటల్ అప్పు ఇచ్చేముందు అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటుతో ఒక వివరాల పత్రం ఇవ్వాలి. అప్పు తీసుకున్నాక కనీసం ఒక రోజు గడువులో జరిమానా లేకుండా అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటికి వచ్చేయొచ్చు, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం ఉంచుకోవచ్చు. నియంత్రణలో ఉన్న సంస్థల తరఫున పనిచేసే యాప్‌ల జాబితా 2025 జులై నుంచి రిజర్వ్ బ్యాంక్ సైట్‌లో ఉంది. యాప్ స్టోర్‌లో కనపడటం అర్హత కాదు, ఆ జాబితాలో పేరుందో లేదో చూడండి.

కెరీర్ పేజీలో ఇదంతా ఎందుకు అంటారేమో. పెద్ద ఐటీ సర్వీసుల కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ ఏళ్లుగా 3, 4 లక్షల మధ్యే తిరుగుతోంది. చేతికొచ్చేది పాతిక వేల అటూ ఇటూ. అందులో 9 వేలు కిస్తీలకి పోతుంటే, ఆ కుర్రాడు నచ్చని ప్రాజెక్టు మానేసి ఆరు నెలలు కొత్త కోర్సు చేయగలడా? గ్రూప్స్‌కి చదువుకుంటానని ఇంటికి రాగలడా? 2025 జులైలో టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి వార్త వచ్చిన రోజు కిస్తీలు లేనివాడు రెజ్యూమె తీస్తాడు, ఉన్నవాడు ముందు బ్యాంక్ బ్యాలెన్స్ చూసుకుంటాడు. ఇంటర్వ్యూలో జీతం బేరమాడేటప్పుడు కూడా ఈ తేడా గొంతులో తెలిసిపోతుంది. హైక్ అడగడం ఎలాగో నేర్పే వీడియోలు వంద ఉన్నాయి, దీని గురించి చెప్పేవి అరుదు.

ప్యాకెట్ వెనక్కి తిప్పండి

తిండి విషయంలో కూడా ఆలోచించే ఆ నిమిషాన్ని మింగేసేది ప్యాకెట్ ముందు భాగం. దీనికి ఈమధ్య మన దగ్గరే పెద్ద ఉదాహరణ దొరికింది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ల పాటు ఒకే విషయం మీద పోరాడారు. విరేచనాలైన పిల్లలకి ఇచ్చే ఓఆర్‌ఎస్ పేరుని బ్రాండ్ పేర్లలో పెట్టుకుని తియ్యటి పానీయాలు అమ్ముతున్నారని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు. ఈ పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత చక్కెర విరేచనాలని ఇంకా పెంచుతుంది. చివరికి 2025 అక్టోబరు 14న ఆహార భద్రత సంస్థ, ఆ ఫార్ములా కాని ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అనే మాట ఉండకూడదని ఆదేశించింది. అంతకుముందు చిన్న అక్షరాల్లో "ఇది ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు" అని రాస్తే చాలని అనుమతి ఉండేది. ఆ చిన్న అక్షరాలు చదివిన తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారు?

హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో భారతీయులకి 17 ఆహార సూచనలు ఇచ్చింది. దేశంలో రోగాల భారంలో 56.4 శాతానికి సరిలేని ఆహారమే కారణమని అందులో చెప్పింది. ఆ సూచనల్లో ఒకటి సింపుల్‌గా, లేబుల్ చదవండి అని. చదవడం ఎలాగంటే, పదార్థాలు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు. మొదటి మూడు చూస్తే చాలు, మల్టీగ్రెయిన్ అని పేరున్న బిస్కెట్‌లో మొదట ఏ పిండి ఉందో తెలిసిపోతుంది. చక్కెరకి ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్ లాంటి వేరే పేర్లూ ఉంటాయి. రెండోది, ప్యాకెట్ మీద గ్రాముకో, కిలోకో యూనిట్ ధర వేయాలనే నిబంధన ఉంది. పన్ను తగ్గినప్పుడు 5, 10 రూపాయల ప్యాకెట్లకి కొన్ని కంపెనీలు ధర తగ్గించకుండా గ్రాములు పెంచాయి. ముడిసరుకు రేటు పెరిగిన రోజున అవే గ్రాములు చడీచప్పుడు లేకుండా తగ్గుతాయి. ధర మారదు కాబట్టి మనకి తెలియదు. యూనిట్ ధర చూసేవాళ్లకే తెలుస్తుంది.

ప్యాకెట్ బరువు మాటొచ్చింది కాబట్టి ఒక సరదా సంగతి. కిరాణా కొట్లో బియ్యం బస్తా 25 కిలోలు కాకుండా 26 కిలోలు ఎందుకుంటుందో గమనించారా? 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ఉండే లేబుల్ ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ. ఒక్క కిలో ఎక్కువ వేస్తే పన్ను లేదు. బియ్యం మిల్లు వాళ్లు నిబంధన చదివినట్టు మనం కూడా లేబుల్ చదివితే బాగుండు.

పాత తిండి అంతా అమృతం, కొత్తదంతా విషం అనే వాట్సాప్ వాదం నేను చేయను. మన ఆవకాయలో ఉప్పు తక్కువేం కాదు. బందరు లడ్డూకి భౌగోళిక గుర్తింపు ఉంది గానీ అదీ చక్కెరే. అన్నిటికంటే ఇబ్బందైన విషయం, మనం గర్వంగా చెప్పుకునే తెల్లటి పాలిష్ అన్నం. 2025లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం భారతీయులకి అందే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే, అందులో పెద్ద వాటా పాలిష్ బియ్యం, గోధుమ పిండి, చక్కెరలది. డెల్టా పిల్లాడిగా ఇది రాయడం నాకే కష్టంగా ఉంది. అలాగని వరి చేలు తగలబెట్టక్కర్లేదు. సార్వా కోశాక ఇవే చేలల్లో మినుము, పెసర వేస్తారు. పళ్లెంలో అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచితే ఖర్చు పెద్దగా మారదు. ప్రోటీన్ బార్‌కి పెట్టే 60, 70 రూపాయలకి ఎన్ని ఉడికించిన గుడ్లు వస్తాయో మీరే లెక్కేయండి.

నేను వాడుతున్న పద్ధతులు

ఖర్చుల పుస్తకం రాయమని చెబితే ఎవరూ రాయరు, నేనూ రాయను. ఆదివారం పొద్దున పది నిమిషాలు యూపీఐ హిస్టరీ మాత్రం చూస్తాను. ఒక్కో ఖర్చు పక్కన ఒకటే ప్రశ్న, ఇది నేను అనుకుని పెట్టిందా, అదే జరిగిపోయిందా? మొత్తం కూడి బస్తాల్లోకి మారుస్తాను. ఇంట్లో వాళ్లకి చెప్పేటప్పుడు ఆ భాషే పనికొస్తుంది కూడా.

షాపింగ్ యాప్‌లలో కార్డు వివరాలు దాచుకోను. ప్రతిసారీ 16 అంకెలు కొట్టాలంటే సగం కోరికలు అక్కడే చల్లారతాయి. నోటిఫికేషన్లు ఆపేశాను, డెలివరీ వచ్చే రోజు తప్ప వాటితో పనిలేదు. చిన్న ఖర్చులకి యూపీఐ లైట్ వాడతాను. అందులో 5,000 మించి పెట్టుకోలేం, నేను వారానికి 1,000 వేసుకుంటాను, ఆటో టాపప్ ఆఫ్. పిన్ అడగదు కాబట్టి ఇది కూడా ఘర్షణ తగ్గించేదే కదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమే. కానీ అయిపోయినప్పుడు అయిపోయిందని తెలుస్తుంది, మా నాన్న జేబులో పర్సులాగే. బ్యాంక్ ఖాతాకి ఆ గుణం లేదు.

ఓటీటీ, మ్యూజిక్, క్లౌడ్ లాంటి ఆటోపేలు యూపీఐ యాప్‌లోనే ఒక చోట వరసగా కనిపిస్తాయి. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ మెసేజ్ మనం ఓటీపీల మధ్య చూడకుండా తోసేస్తాం. నెలకొకసారి ఆ జాబితా తెరిచి, గత నెల తాకని వాటిని ఆపేయండి. కావాలంటే మళ్లీ మొదలెట్టుకోవచ్చు, వాళ్లు మిమ్మల్ని తిరిగి రమ్మని బతిమాలుతూ డిస్కౌంట్ కూడా ఇస్తారు.

మీరు అడగనిది బుట్టలో చేరినా, రద్దు బటన్ దొరక్కపోయినా, చూపించిన ధర ఒకటి వసూలు చేసింది ఒకటి అయినా స్క్రీన్‌షాట్ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. 20 రూపాయల కోసం ఎవడు ఫోన్ చేస్తాడులే అనిపిస్తుంది. అవతలివాడు ఆ 20ని లక్షల ఆర్డర్లతో గుణించి చూసుకుంటున్నాడు.